అడిగే ముందు మన సొత్తు ఏమిటో మనకు తెలియనివ్వండి

సంపాదకుల వారికి,

విదేశీ మ్యూజియంలలో ఉన్న మన శిల్పాలను వెనక్కి తెప్పించాలని నగరంలో ఓ సభలో పెద్దలు కోరినట్టు పోయిన వారం మీ విశాఖ పేజీలో చదివాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అమరావతి శిల్పాలు తిరిగి రావాలని నాకూ ఉంది. కానీ వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లన్నీ పూసగుచ్చినట్టు వేసిన ఆ వార్తలో ఏ వస్తువు ఎక్కడుందో, దాన్ని అడగాల్సింది ఎవరో ఒక్క ముక్క లేదు.

ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించిన రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. తన దగ్గరున్నవాటిని బ్రిటిష్ మ్యూజియం వదులుకోకుండా 1963 నాటి అక్కడి చట్టం అడ్డం పడుతోంది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పాన్ని 2016లో ఆస్ట్రేలియా తిరిగి ఇచ్చిందంటే, అది దొంగసొత్తని ఫొటోలతో సహా తేలింది కాబట్టి. దొరల కాలంలో పోయినవాటికి ఆ దారి లేదు. ప్రాచీన వస్తువుల దొంగరవాణాను ఆపడానికి చేసుకున్న 1970 నాటి యునెస్కో ఒప్పందం అంతకు ముందటి సంగతి పట్టించుకోదు. అక్కడ పనిచేసేది జనం పట్టుదల ఒక్కటే.

నాగాలాండ్‌లో అదే జరుగుతోంది. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో నాగాలవి సహా మనుషుల అవశేషాలను అద్దాల బీరువాల్లోంచి తీసేశాక, నాగాల సయోధ్య కోసం పనిచేసే ఫోరం ఫర్ నాగా రికన్సిలియేషన్ వాళ్లు తమ పెద్దలతో, పిల్లలతో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. తాతముత్తాతల అవశేషాలు వస్తే ఎక్కడ ఉంచాలి, ఏ ఆచారం ప్రకారం సాగనంపాలి అని వాళ్లలో వాళ్లే తేల్చుకుంటున్నారు. 2024లో ఇంగ్లండ్‌లో ఒక నాగా పుర్రెను వేలానికి పెడితే అందరూ కలిసి గొంతెత్తారు, వేలం ఆగిపోయింది. అడిగేవాళ్లకు తామేం పోగొట్టుకున్నారో ముందే తెలుసు.

మన ఊరి సంగతి చూడండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు దంతపు రేకులు తాపి చేసిన పెట్టెలు, కుర్చీలు, బీరువాలు కంపెనీ దొరల ఇళ్లకు వెళ్లాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ మన ఊరి పేరుతోనే ఉన్నాయి. మా వీధిలో కొంతమందిమి ఆదివారాలు కూర్చుని ఇలాంటివి చదువుకుంటాం. ఒకరోజు అలాంటి పెట్టె ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి, వడ్రంగం చేసి మానేసిన ఓ పెద్దాయనకు చూపించాం. కళ్లజోడు సర్దుకుని, అంచు వెంబడి పాకిన పూలతీగ మీద వేలు పెట్టాడు. "ఇది రంగు కాదు టీచరమ్మా, లక్క. ముందు గీత చెక్కి, అందులో లక్క కరిగించి పోసి, పైన గీకేస్తారు. గీతలో దిగిందే మిగులుతుంది" అన్నాడు. తరవాత ఓ మూల చూపించి, ఇక్కడ చెయ్యి మారింది, ఇది కుర్రాడి పని అన్నాడు. గదిలో ఎవరూ కదల్లేదు. మేం చదివిన ఏ వివరణలోనూ ఈ మాట లేదు. పనివాడి పేరు కూడా లేదు. ఆ పెద్దాయన్ను ఏ సభకు పిలిచారు?

కాగితాల సంగతి ఇంతకంటే ఘోరం. ఇవాళ జనం చలికాలం కార్లేసుకుని పోయే నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలోనే బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు గిరిజనుల చేత చాకిరీ చేయించుకుని కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదిలిందంటే ఆ కడుపుమంట కూడా ఒక కారణం. అప్పటి ప్రభుత్వ ఫైళ్లు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దొరల లెక్కలో నేరస్థుడైన, రాజు అనుచరుడు గాం మల్లుదొర 1952లో ఇదే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. తన ముత్తాత గురించి దొర ఏం రాశాడో చూడాలంటే కొయ్యూరు కుర్రాడు చెన్నై పోవాలి, ఇంగ్లిష్ రావాలి, ఎవరో పెద్దమనిషి ఉత్తరం ఇవ్వాలి. కనీసం ఏయే ఫైళ్లున్నాయో జాబితా దొరుకుతుందేమోనని మేం ఇక్కడి ఒక ఆఫీసుకు వెళ్తే, "మీకెందుకమ్మా ఇవన్నీ, రీసెర్చి వాళ్లు చూస్తారు" అని పంపేశారు. మా గుంపులో మన్యం నుంచి వచ్చిన అమ్మాయి మెట్లు దిగేదాకా నోరెత్తలేదు. ఆ మాట నాకు ఇంకా మంటగా ఉంది.

ఇది కొత్త జబ్బు కాదు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేయించింది ఏలూరు కావలి సోదరులు. మెకంజీ పోయాక ఆ పని నేను సాగిస్తానని ఆ సోదరుల్లో ఒకడైన లక్ష్మయ్య అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అతని వల్ల కాదని తోసిపుచ్చారు. దొరలు పోయి ఇన్నేళ్లయినా కౌంటర్ వెనక ఆ జవాబే వినబడుతోంది.

చేతిలో ఉన్నదాన్నయినా చూసుకుంటున్నామా? తొట్లకొండ మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కూలింది. నగరంలోని ఒక మ్యూజియంలో చక్కటి చెక్కపెట్టె ముందు "చెక్క పెట్టె" అని చీటీ పెట్టారు, అంతే. ఎవరు చేశారు, ఏ ఊరు, ఎలా వచ్చింది? అడిగితే చెప్పే మనిషి లేడు. జనానికి ఆసక్తి లేదనే అధికారులు అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ సంగతి గుర్తుచేసుకోవాలి. అక్కడి ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని కనుమనాడు రాళ్లు రువ్వేవాళ్లు. కూర్చోబెట్టి చెప్పాక, పాత ఆచారమైనా మానుకున్నారు.

విశాఖ, మన్యం ప్రాంతాల నుంచి పోయిన వస్తువులు, కాగితాలు ఎక్కడెక్కడున్నాయో తెలుగులో జాబితా అచ్చువేయించాలి. దాన్ని పాడేరు, అరకు, అనకాపల్లి గ్రంథాలయాల్లో పెట్టి, ఆ చేతిపని తెలిసిన కుటుంబాలనూ మన్యం పెద్దలనూ పిలిచి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. ఏది వెనక్కి కావాలో, వస్తే ఎక్కడ ఉండాలో తేల్చే చోట వాళ్లకు కుర్చీ వేయాలి. మీ పత్రిక ఆదివారం పేజీలో వారానికొక వస్తువు బొమ్మ వేసి, దీని గురించి తెలిసినవాళ్లు రాయండని అడగండి. దంతపు పెట్టె గురించి పెద్దాయన చెప్పినదంతా మా దగ్గర రాసి ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపిస్తాం.

– ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, మర్రిపాలెం, విశాఖపట్నం