డ్యాన్స్ గేమ్‌నూ తుపాకుల గేమ్‌నూ ఒకే గాటన కట్టకండి

సంపాదకుడు గారికి,

వీడియో గేమ్‌లు పిల్లల్ని పాడు చేస్తున్నాయని పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివిన దగ్గర్నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో తుపాకులు పేల్చే ఆటల గురించి మీరు రాసింది నిజమే. కానీ పక్కన వేసిన ఫొటో చూసి ఒళ్లు మండింది. ఎగ్జిబిషన్‌లో ఇద్దరు ఆడపిల్లలు డ్యాన్స్ మ్యాట్ మీద గెంతుతున్న ఫొటో అది. చెమటలు కక్కుతూ నవ్వుతున్న ఆ పిల్లల్లో మీకు ఏ వ్యసనం కనిపించింది?

ఈ ఆటల సంగతి నాకు కొంత తెలుసు. బెంగళూరులో ఉండే మా అమ్మాయి వేసవి సెలవులకు వస్తూ టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ మెషీన్, నింటెండో వీ తెచ్చింది. అందులో స్మర్ఫ్స్ డ్యాన్స్ పార్టీ అని 2011లో వచ్చిన ఆట ఉంది. టీవీలో నీలం రంగు బుల్లి బొమ్మలు స్టెప్పులేస్తుంటే, ఆ మెషీన్ రిమోట్ చేత్తో పట్టుకుని పిల్లలూ అలాగే వేయాలి. రక్తపాతం లేదు, బూతు మాట లేదు. రిమోట్ చేతి కదలికనే లెక్కేస్తుంది కాబట్టి సోఫాలో కూర్చుని చెయ్యి ఊపి మార్కులు కొట్టేసే గడుగ్గాయి మా మనవడు. వాడు కూడా రెండో రోజుకి లేచి గెంతాడు. వారం తిరక్కుండా వీధిలో పిల్లలంతా మా హాల్లోనే. "అమ్మమ్మా, నువ్వూ రా" అని లాక్కెళితే మోకాళ్ల నొప్పులతోనే ఒక పాటకు ఆడాను.

ఇది నిన్నో మొన్నో పుట్టిన వింత కాదు. కాళ్లతో బాణం గుర్తులు తొక్కే డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్‌ని జపాన్‌లో కొనామి 1998లోనే తెచ్చింది. 2005లో అందులోకి వీడియో గేమ్‌ల బొమ్మ మారియో కూడా వచ్చాడు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఆ ఆటను బడుల్లో పీఈటీ క్లాసులోకే తీసుకుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతోంది? మా మనవరాలి బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. మా కాలనీ పార్కు గేటుకు సంక్రాంతి నుంచి తాళం. లోపల ఉయ్యాల గొలుసు తెగి వేలాడుతోంది, జారుడుబల్ల రేకు లేచిపోయి కత్తిలా ఉంది. రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రశీదులు వచ్చాయి, మనిషి రాలేదు. ఉన్న ఒక్క ఖాళీ స్థలంలో ఏడాదికి నాలుగు నెలలు ఎగ్జిబిషన్లే.

అసలు రాయాల్సింది ఆ ఎగ్జిబిషన్ల గురించి. మొన్న మా పిల్లల్ని తీసుకెళితే డ్యాన్స్ మెషీన్‌కి ఒక పాటకు వంద రూపాయలన్నారు. డబ్బు కట్టాక చూస్తే ఎడమవైపు బాణం పనిచేయదు. చిన్నది ఎంత తొక్కినా మార్కు పడక ఏడుపు మొహం పెట్టింది. డబ్బు వెనక్కివ్వమంటే "ఇంకోసారి తొక్కించండి మేడం" అన్నాడు మెషీన్ నడిపేవాడు. మ్యాట్ కింద కరెంటు వైరుకు అతుకులు కనిపిస్తున్నాయి. పిల్లలు ఎక్కే మెషీన్ పనిచేస్తోందో లేదో, వైర్లు ఎలా ఉన్నాయో, రేటు ఎంతో చూసే అధికారి ఒక్కడైనా ఉండడా? స్టాళ్లకు అద్దె వసూలు చేయడానికి మాత్రం రోజూ మనుషులు వస్తున్నారు.

ఇంకొక్క మాట. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు మన విజయనగరం. ఛాతీకి రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, ఆడుతూనే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే తప్పెటగుళ్లు మన ఉత్తరాంధ్రవి. ఆ అడుగులు ఏ కార్టూన్ బొమ్మ చేతనైనా వేయిస్తే మన పిల్లలు ఇల్లు ఎగిరిపోయేలా ఆడరా? ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్నాయి, అక్కడి కుర్రాళ్లకు ప్రాజెక్టుగా ఇచ్చినా అవుతుంది. సాంస్కృతిక ఉత్సవాలప్పుడు స్టేజీ మీద శాలువాలు కప్పించుకునే పెద్దలు ఈ సంగతి పట్టించుకోవాలి.

మీ విలేకరిని ఈసారి సాయంత్రం ఐదింటికి మా వీధికి పంపండి. పిల్లలు ఆడుతుంటే చూడమనండి. అలాగే మా పార్కు తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కుని అదీ రాయమనండి.

– ఒక రిటైర్డ్ టీచర్, విజయనగరం