రాగిజావ సరే, ఏ నీళ్లతో కాస్తున్నారు?

రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా కనిగిరి వైపు ఒక సర్కారు బడిలో పిల్లలకు తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పిస్తారు. వంటకు మాత్రం బోరు నీళ్లే. అన్నం, పప్పు, బడిలో పిల్లలకిచ్చే రాగిజావ అన్నీ వాటితోనే. అదేంటని అడిగితే "మరిగిస్తాం కదమ్మా, ఏం కాదు" అంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదండీ. ఉమ్మడి మద్రాసు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ఆ నెల్లూరులోవే. మాకు కృష్ణా నీళ్లు తెస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. ఆ ఏడు పుట్టినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. కృష్ణా నీళ్లు వచ్చినప్పుడు వస్తాయి, ఈలోపు బడి వంట సంగతి చూడండి.

శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. అప్పుడు ఫ్లోరైడ్ వల్ల పడిన గార జన్మలో పోదు. మా వాడి క్లాసులో ఒక పాప బొగ్గుపొడి, ఉప్పు, నిమ్మకాయ అన్నీ రుద్దింది. ముందు పళ్ల మీద అడ్డంగా ఉన్న గోధుమరంగు చారలు అలాగే ఉన్నాయి. అది పైపై మరక కాదు మరి, పంటి గట్టి పొర ఎనామిల్‌లోనే ఉంది. పళ్లు కాబట్టి కనిపించాయి, ఎముకల్లో ఏం జరుగుతోందో ఎవరు చూడొచ్చారు? కాల్షియం చాలని పిల్లలకైతే మోకాళ్లు లోపలికి వంగిపోయేదాకా వస్తుంది.

అందుకే రాగిజావ మాకు నచ్చింది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. మా పిల్లలకు కావాల్సిందే అది. దాన్ని ఆ బోరు నీళ్లతోనే కాస్తే కుడిచేత్తో పెట్టి ఎడమచేత్తో లాక్కున్నట్టే.

పొద్దున్నే పిల్లల చేతికి టీ గ్లాసు ఇచ్చే ఇళ్లూ చాలా ఉన్నాయి. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు కూడా. ఇక హైస్కూలు పిల్లలు గేటు ముందు పది రూపాయల కూల్‌డ్రింకుకు అలవాటుపడ్డారు, మజ్జిగ ఇస్తే మొహం తిప్పుకుంటారు. చక్కెర, కొవ్వు, ఉప్పు ఎక్కువున్నవి బడికి 50 మీటర్లలోపు అమ్మకూడదని 2020 నాటి కేంద్ర నిబంధన ఉంది. ఆ సంగతి అమ్మేవాళ్లకూ తెలియదు, ఆపాల్సినవాళ్లకూ పట్టదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో మూడు నెలలకోసారి పరీక్ష చేయించి, భోజనం మెనూ రాసిన గోడ మీదే ఆ అంకె కూడా రాయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతే లేనిచోట 1.5 దాకా. కిట్‌తో నీళ్లు పరీక్షించడం ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు నేర్పించాలని ఉంది, వాళ్లనే పిలవండి. అంకె దాటిన బళ్లలో వంటకు కూడా శుద్ధి చేసిన ప్లాంట్ నీళ్లే వాడేలా విడిగా డబ్బు ఇవ్వండి. వంట చేసే ఆడవాళ్లకు వచ్చే బిల్లులోంచే క్యాన్లు కొనమంటే అయ్యే పని కాదు.

ఇట్లు,
ఏడో తరగతి పిల్లవాడి తల్లి,
కనిగిరి ప్రాంతం