మింగలేనంత మత్తులో 'లే' ఏమైంది? మీ ఇంగ్లిష్ కోర్సుపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో 'టూ' (too), 'టు' (to), 'ఇనఫ్' (enough), 'హార్డ్‌లీ' (hardly) పాఠాల్లో ఉన్న తప్పులు, వాటిని సరిదిద్ది, కోర్సు కొన్నవాళ్లందరికీ తెలియజేయమని కోరుతూ.

నమస్కారం.

నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పదో తరగతి వరకూ తెలుగు మీడియం. మా వార్డులో సగం మంది సిస్టర్లు కేరళ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు తెలుగు అంతంత మాత్రం, నాకు మలయాళం అసలే రాదు. అందుకని డ్యూటీ మారేటప్పుడు చెప్పుకునేది, ఫైల్లో రాసుకునేది అంతా ఇంగ్లిష్‌లోనే. ఆ ఇంగ్లిష్ కోసమే మీ కోర్సు కొన్నాను. యాప్‌తో పాటు మీరు పంపిన పుస్తకాన్ని కూడా బస్సులో వస్తూ పోతూ రెండుసార్లు పూర్తి చేశాను.

మీ పుస్తకంలో 'టూ' అంటే 'చాలా' అని ఉంది. 'టు' తర్వాత క్రియ వస్తే 'చేయడానికి' లేదా 'చేయాలి' అని ఉంది. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసి వస్తే ఏమవుతుందో ఎక్కడా లేదు. పైగా తెలుగు అక్షరాల్లో రాసేటప్పుడు రెండింటినీ 'టు' అనే అచ్చువేశారు.

గత నెలలో ఒకరోజు ఉదయం డ్యూటీలో చేరాను. పక్షవాతంతో చేరిన ఒక పెద్దాయన ఫైల్లో నైట్ సిస్టర్ 'టూ డ్రౌజీ టు టేక్ టాబ్లెట్స్' అని రాసి వెళ్లింది. మీరు నేర్పిన లెక్క ప్రకారమే చదువుకున్నాను: చాలా మత్తుగా ఉన్నారు, టాబ్లెట్లు వేయాలి. చిన్న కప్పులో మాత్రలు తీసుకుని, మంచం తలవైపు పైకెత్తి, "తాతా, నోరు తెరవండి" అన్నాను. పెదవులు కొంచెం కదిలాయి గానీ కళ్లు తెరవలేదు. ముందు గొంతు తడుపుదామని చెంచాతో నీళ్లు పోస్తే, మింగకుండా పెదవి అంచు నుంచి మెడ మీదికి కారిపోయాయి. అప్పుడే ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చి నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. మరో నిమిషం ఆలస్యమైతే మాత్ర గొంతుకు అడ్డుపడేది. లేదంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయేవి.

మత్తులో ఉన్నవాళ్లకు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని నేను చదువుకున్నదే. ఫైలు కంటే ముందు మనిషిని చూడాల్సింది. అది నా తప్పు, మా ఇన్‌ఛార్జ్ దగ్గర ఒప్పుకున్నాను. కానీ ఆ వాక్యాన్ని తలకిందులుగా చదవడం మాత్రం నేను మీ దగ్గరే నేర్చుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం సిస్టర్ గారు దూది చుట్టకు వచ్చే నీలం కాగితం చింపి, దాని వెనక నాకు ఈ పాఠం చెప్పారు. 'టూ డ్రౌజీ టు స్వాలో' అంటే 'మింగలేనంత మత్తు'. తెలుగులో 'లే' పైకి వినిపిస్తుంది: నడవలేనంత నీరసం, తాగలేనంత వేడి, మోయలేనంత బరువు. ఇంగ్లిష్‌లో ఆ 'లే' కనబడదు. వాక్యం మొత్తం వెతికినా 'నాట్' ఉండదు. ఆ కాదనడమంతా 'టూ'లోనే దాక్కుని ఉంటుంది. 'సో డ్రౌజీ దట్ హి కెనాట్ స్వాలో' అని విడదీసి రాస్తేనే 'నాట్' బయటపడుతుంది. ఇంత చిన్న మాట మీ పాఠంలో ఉంటే ఆ ఉదయం నా చెయ్యి ఆ పెద్దాయన నోటి దాకా వెళ్లేది కాదు.

మనవాళ్లు సినిమా బాగుంటే 'టూ గుడ్' అంటారు. బహుశా మీ రచయితలు 'చాలా' అన్న అర్థాన్ని అక్కడి నుంచే తీసుకుని ఉంటారు. 'ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్' లాంటి మాటల్లో అది నిజంగానే 'ఎంతో సంతోషంగా' అన్న అర్థమిస్తుంది, నేను కాదనను. దాన్ని విడిగా చెప్పండి. మినహాయింపును సూత్రంగా నేర్పకండి.

ఆ తర్వాత అనుమానం వచ్చి మీ పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. నాలాంటి వాళ్ల పనికి నేరుగా తగిలే తప్పులు ఇంకో మూడు కనిపించాయి.

'ఇనఫ్' పాఠంలో 'ఇనఫ్ స్ట్రాంగ్ టు వాక్' అని నొక్కితే మీ యాప్ పచ్చ గుర్తు పెడుతోంది. 'స్ట్రాంగ్ ఇనఫ్ టు వాక్' అనాలి. నామవాచకం వచ్చినప్పుడే ఆ మాట ముందుకొస్తుంది: 'ఇనఫ్ స్ట్రెంగ్త్ టు వాక్'. తెలుగులో 'సరిపడా' ఎప్పుడూ ముందే ఉంటుంది కాబట్టి మనకు ఈ పొరపాటు సహజంగానే వస్తుంది. దాన్ని దిద్దడం కోసమే కదా కోర్సు కొనేది?

రెండోది క్రియా విశేషణాల పాఠం. విశేషణం చివర 'లీ' చేరిస్తే చాలని చెప్పి, 'స్లో, స్లోలీ' పక్కనే 'హార్డ్, హార్డ్‌లీ' అని పట్టిక ఇచ్చారు. 'బ్రీదింగ్ హార్డ్' అంటే మనిషి ఆయాసపడుతున్నాడని. 'హార్డ్‌లీ బ్రీదింగ్' అంటే ఊపిరి ఆడీ ఆడనట్టు ఉందని. మొదటి మాట చెబితే డాక్టరు గారు వచ్చి చూస్తారు. రెండో మాట చెబితే వార్డంతా పరుగెత్తుతుంది. మీ పట్టిక నమ్మి ఎవరైనా ఫోన్లో ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెబితే ఏమవుతుందో ఆలోచించండి.

మూడోది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. 'ద పేషెంట్ ఈజ్ హార్డ్ టు హియర్' అన్న వాక్యానికి మీరిచ్చిన తెలుగు 'పేషెంటుకు వినబడదు'. కాదండీ. పేషెంటు గొంతు మనకు సరిగా వినబడదు అని. వినేది మనం, పేషెంటు కాదు. 'ఏబుల్ టు హియర్' అంటేనే వినేది పేషెంటు. రెండు వాక్యాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మొదట పేషెంటు, తర్వాత విశేషణం, ఆ తర్వాత 'టు'తో క్రియ. కానీ ఆ క్రియ ఎవరిదన్నది విశేషణాన్ని బట్టి మారిపోతుంది. 'ఈజీ', 'హార్డ్', 'డిఫికల్ట్' లాంటివి వస్తే పని చేసేది వేరేవాళ్లు. 'ఏబుల్', 'ఈగర్' లాంటివి వస్తే ఆ మనిషే. భాషా శాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ 'ఈజీ టు ప్లీజ్', 'ఈగర్ టు ప్లీజ్' అనే రెండు మాటలతో ఇదే తేడా చూపించారని మా సిస్టర్ గారి అమ్మాయి చెప్పింది, ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేస్తోంది. 'లేపడం కష్టంగా ఉంది', 'లేవగలుగుతున్నారు' అని తెలుగులో మనం ఎప్పుడూ విడివిడిగానే అంటాం. ఆ తేడాను ఇంగ్లిష్‌లో పట్టుకోవడం నేర్పకపోతే మీ పాఠం ఎందుకు?

ఇవన్నీ పేజీల ఫొటోలతో సహా రెండుసార్లు మీ యాప్‌లో పంపాను. రెండుసార్లూ 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది, అంతే. నేను చెప్పింది అభిప్రాయం కాదు, తప్పు. ఆ పాఠాలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

నేను అడిగేవి ఇవి. ఈ నాలుగు పాఠాలను సరిదిద్దండి. పుస్తకంలో 'టూ'ను, 'టు'ను వేర్వేరుగా అచ్చువేయండి. ఆడియోలో కూడా రెండింటినీ ఒకేలా సాగదీసి చదివించారు. మాట్లాడేటప్పుడు 'టూ' నిండుగా పలుకుతుంది, క్రియ ముందు 'టు' తేలిపోతుంది, అది విని తెలుసుకునే అవకాశమైనా ఇవ్వండి. ఇప్పటికే కోర్సు కొన్న ప్రతి ఒక్కరి ఫోన్‌కూ సవరణ పంపండి, ఎందుకంటే నాలాంటి నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలామంది దీన్ని కొన్నారని మీ ప్రకటనలోనే చెప్పుకున్నారు. నా డబ్బు వెనక్కి ఇవ్వండి. డబ్బు కంటే సవరణే నాకు ముఖ్యం, కానీ తప్పుడు సరుకుకు డబ్బు వదులుకోను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు కూడా లేదు. కొన్న రశీదు, పేజీల ఫొటోలు, యాప్ పెట్టిన పచ్చ గుర్తు స్క్రీన్‌షాట్ దీనితో జతచేస్తున్నాను.

ఆ పెద్దాయన వారం తర్వాత కోలుకుని ఇంటికి వెళ్లారు. మీ సవరణలో మొదటి ఉదాహరణగా ఆయన ఫైల్లో ఉన్న వాక్యాన్నే పెట్టండి, కింద తెలుగులో 'మాత్ర మింగలేనంత మత్తుగా ఉన్నారు' అని రాయండి.

ఇట్లు,
మీ కోర్సు కొన్న ఒక స్టాఫ్ నర్సు,
హైదరాబాద్