స్పోర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు ఏడో పాఠంలో తప్పులపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
తెలుగు కోర్సుల విభాగం.

విషయం: ఘానా ఫుట్‌బాల్ పాలన పాఠంలోని తప్పులు సరిదిద్దడం, క్విజ్ మార్కులు మళ్లీ లెక్కించడం గురించి.

ఆర్యా,

మీ స్పోర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ తెలుగు కోర్సు కొన్నవారిలో లా విద్యార్థులు, జిల్లా ఫుట్‌బాల్ సంఘాల కార్యదర్శులు, రిఫరీలు ఉన్నారు. వారందరి తరఫున ఈ ఫిర్యాదు. ఏడో పాఠం ఘానా న్యాయవాది క్వేసి న్యాంటాక్యి గురించి. 2005 డిసెంబరు నుంచి 2018 జూన్ దాకా ఘానా ఫుట్‌బాల్ సంఘాన్ని, అంటే జీఎఫ్ఏని, నడిపింది ఆయనే. ఇలాంటి కోర్సుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఘానా ప్రభుత్వం, అక్కడి హైకోర్టు, ఫిఫా ఎథిక్స్ కమిటీ, లూసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కాస్, ఇవన్నీ ఒకే వ్యవహారంలో తలా ఒక పని చేశాయి. ఎవరి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించడమే ఈ పాఠం పని. మీ పాఠం వాటన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసింది.

ముందుగా క్విజ్. 10 ప్రశ్నల్లో 8 సరైతేనే సర్టిఫికెట్ ఇస్తున్నారు. 4, 6, 9 ప్రశ్నలకు మీ జవాబుల కీ తప్పు. విషయం తెలిసినవారు అన్నీ సరిగ్గా రాసినా వచ్చేది 7 మార్కులు. పాఠాన్ని నమ్మి తప్పు రాసినవారు పాసవుతున్నారు, నిజం రాసినవారు తప్పుతున్నారు. ఇది వెంటనే ఆగాలి.

4వ ప్రశ్న: ‘2018లో ఫిఫా ఘానాను ఎందుకు సస్పెండ్ చేసింది?’ కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏది ఎంచుకున్నా తప్పే, ఎందుకంటే 2018లో ఫిఫా ఘానాను సస్పెండ్ చేయలేదు. జరిగింది ఇదీ. ఘానా పరిశోధనాత్మక పాత్రికేయుడు అనాస్ అరెమెయా అనాస్ బృందం ఫుట్‌బాల్ లంచాలపై రహస్యంగా తీసిన ‘నంబర్ 12’ అనే డాక్యుమెంటరీని జూన్ 6న అక్రాలో ప్రదర్శించారు. మరుసటి రోజే ప్రభుత్వం జీఎఫ్ఏని రద్దు చేయిస్తామని ప్రకటించింది. జూన్ 8న ఫిఫా న్యాంటాక్యిని 90 రోజుల పాటు తాత్కాలికంగా నిషేధించింది, ఆయన రాజీనామా చేశారు. ఆ నిషేధం ఒక వ్యక్తి మీద, దేశం మీద కాదు. ఆ తర్వాత జీఎఫ్ఏని మూసేయమని కోరుతూ అటార్నీ జనరల్ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో సంఘం కార్యకలాపాలు ఆగిపోయాయి, ప్రీమియర్ లీగ్ సీజన్ నడిమధ్యలో నిలిచిపోయింది. అప్పుడు ఫిఫా గట్టిగా హెచ్చరించింది: ఆగస్టు 27లోగా ఆ పిటిషన్ వెనక్కి తీసుకోకపోతే సస్పెన్షన్ తప్పదని. ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. సస్పెన్షన్ రాలేదు.

దీనికి రుజువు ఆటలోనే ఉంది. సెప్టెంబరు 8న ఘానా జట్టు నైరోబీలో కెన్యాతో ఆఫ్రికా కప్ క్వాలిఫయర్ ఆడి 1-0తో ఓడింది. నవంబరులో ఆఫ్రికా మహిళల కప్‌కు ఘానాయే ఆతిథ్యం ఇచ్చింది, మ్యాచ్‌లు అక్రా, కేప్ కోస్ట్ నగరాల్లో జరిగాయి. సస్పెన్షన్‌లో ఉన్న దేశానికి అంతర్జాతీయ మ్యాచ్ ఆడే వీలే ఉండదు, టోర్నీ జరపడం మాట దేవుడెరుగు. పాఠం తయారుచేసినవారు ఆ ఏడాది మ్యాచ్‌ల పట్టిక ఒక్కసారి తిరగేసినా ఈ తప్పు దొర్లేది కాదు.

పీడీఎఫ్ 3వ పేజీలో జీఎఫ్ఏని ‘ఘానా ప్రభుత్వ క్రీడా విభాగం’ అన్నారు. మూలంలో ఉన్న తప్పు ఇదే, మిగతావి చాలావరకు దీని నుంచే పుట్టాయి. జీఎఫ్ఏ ఘానా కంపెనీల చట్టం కింద రిజిస్టరైన గ్యారంటీ పరిమిత కంపెనీ. వాటాలుండవు, లాభాలు పంచరు, సభ్యుల బాధ్యత వాళ్లు హామీ ఇచ్చిన మేరకే. ప్రభుత్వ విభాగమే అయితే మంత్రి ఒక్క ఉత్తర్వుతో మూసేయవచ్చు. కంపెనీ కాబట్టే అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్లి దాన్ని మూసేయమని అడగాల్సి వచ్చింది. ఫిఫా అభ్యంతరం కూడా అక్కడే మొదలైంది. సభ్య సంఘాలు తమ వ్యవహారాలను బయటివారి జోక్యం లేకుండా నడుపుకోవాలని ఫిఫా నిబంధనావళి 14, 19 అధికరణాలు చెబుతాయి. ఆ బయటివారిలో ప్రభుత్వమూ ఉంటుంది, కోర్టూ ఉంటుంది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే అభ్యాసకుడికి 2018 వేసవి అంతా అర్థమవుతుంది. పాఠంలో ఈ రెండూ లేవు.

నార్మలైజేషన్ కమిటీని మీరు ‘విచారణ సంఘం’ అని అనువదించారు, 6వ ప్రశ్న కూడా దాన్ని బట్టే ఉంది. అది విచారణ సంఘం కాదు. ఎవరి తప్పొప్పులూ తేల్చదు. అసాధారణ పరిస్థితుల్లో సభ్య సంఘం కార్యవర్గాన్ని ఫిఫా కౌన్సిల్ తొలగించి, ఖండ స్థాయి సమాఖ్య అయిన కాన్ఫెడరేషన్‌తో సంప్రదించి, నిర్ణీత కాలానికి నియమించే తాత్కాలిక పాలకవర్గం అది. నిబంధనావళి 8వ అధికరణంలో ఉంది. రోజువారీ పని నడపడం, సంఘం నియమావళిని సవరించడం, ఎన్నికలు పెట్టడం, తర్వాత తప్పుకోవడం దాని పనులు. ఘానాలో 2018 సెప్టెంబరులో కోఫీ అమోవా అధ్యక్షుడుగా ఇది ఏర్పడింది. గడువు మొదట 2019 మార్చి దాకా ఇచ్చి తర్వాత పొడిగించారు. 2019 అక్టోబరు 25న ఎన్నికలు జరిగి కర్ట్ ఒక్రాకు అధ్యక్షుడయ్యారు. ‘తాత్కాలిక పాలకవర్గం’ అని రాస్తే సరిపోతుంది. అనువాదం కుదరదనిపిస్తే నార్మలైజేషన్ కమిటీ అనే ఉంచండి, తెలుగు పాఠకులకు ఇబ్బంది ఉండదు.

ఇక న్యాంటాక్యికి పడిన అసలు శిక్ష గురించి. వీడియోలో ‘లంచం కేసులో జీవితకాల శిక్ష పడి జైలు పాలయ్యారు’ అన్నారు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు. ఫిఫాకు ఎవరినీ జైలుకు పంపే అధికారం లేదు. దాని చేతిలో ఉన్నవి మందలింపు, జరిమానా, ఫుట్‌బాల్ వ్యవహారాల నుంచి నిషేధం లాంటివే. ఘానాలో నడిచిన క్రిమినల్ కేసు వేరే దారి, అందులో ఆయనకు జైలు శిక్ష పడలేదు. జీవించి ఉన్న మనిషి గురించి ఇలా చెప్పడం పరువునష్టం కిందికి వస్తుందని మీ లీగల్ విభాగానికి వేరే చెప్పనక్కర్లేదు. ఈ వాక్యాన్ని మాత్రం మిగతా సవరణల కోసం ఆగకుండా ఈ రోజే తీసేయండి.

ఫిఫా ఎథిక్స్ కమిటీలో రెండు విభాగాలుంటాయి. ఒకటి దర్యాప్తు చేస్తుంది, రెండోది తీర్పు చెబుతుంది. ఆ రెండో విభాగం 2018 అక్టోబరు 30న ఆయనకు జీవితకాల నిషేధం, 5 లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. తేల్చిన ఉల్లంఘనలు ఎథిక్స్ కోడ్‌లోని 19, 21, 22 అధికరణాల కింద: వరసగా స్వప్రయోజనాల సంఘర్షణ, లంచం-అవినీతి, కమిషన్. మీరు 21 ఒక్కటే చెప్పి వదిలేశారు. పాలన నేర్చుకునేవారికి మిగతా రెండే ఎక్కువ పనికొస్తాయి. నోట్ల కట్ట అందుకోవడం తప్పని ఎవరికైనా తెలుసు. స్పాన్సర్‌షిప్ ఒప్పందంలో సంఘం తరఫున సంతకం పెట్టే మనిషికి, మధ్యవర్తి కంపెనీకి వెళ్లే కమిషన్‌లో వాటా ఉండకూడదన్నది చాలామంది కార్యదర్శులకు తట్టదు. మన జిల్లా సంఘాల్లో టోర్నీ స్పాన్సర్‌షిప్‌లు కుదుర్చుకునేటప్పుడు జారిపడే చోటు కూడా ఇదే. దయచేసి ఈ భాగాన్ని పెంచండి.

డాక్యుమెంటరీలో ఆయన తీసుకున్నట్టు కనిపించిన మొత్తం 65,000 డాలర్లు. పీడీఎఫ్‌లో 6.5 లక్షలని అచ్చయింది. ఒక సున్నా ఎక్కువ పడింది.

9వ ప్రశ్న నిషేధం ఎన్నేళ్లని అడుగుతుంది. మీ కీ ‘జీవితాంతం’. ఆయన అప్పీలు చేశారు. 2020 జులైలో కాస్ ఆ నిషేధాన్ని 15 ఏళ్లకు, జరిమానాను 1 లక్ష ఫ్రాంకులకు తగ్గించింది. ఉల్లంఘన జరగలేదని కాదు, శిక్ష తగ్గింది. అప్పీలు దశ గురించి పాఠంలో ఒక్క మాటైనా లేకపోవడం పెద్ద లోటు. ఫిఫా తుది నిర్ణయం చేతికందిన 21 రోజుల్లో కాస్‌కు వెళ్లాలి, గడువు దాటితే తలుపు మూసుకున్నట్టే. కాస్ కేవలం కింది నిర్ణయం పద్ధతిగా ఉందో లేదో చూసి ఊరుకోదు, వాస్తవాలనూ చట్టాన్నీ మళ్లీ మొదటి నుంచి వింటుంది. శిక్షలు అక్కడ తగ్గడానికి ఇదొక కారణం. ఆ మరుసటి ఏడాది ఆఫ్రికా ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్, అంటే కాఫ్, మాజీ అధ్యక్షుడు అహ్మద్ అహ్మద్ 5 ఏళ్ల నిషేధం కూడా అక్కడే 2 ఏళ్లయింది. ఆ ఉదాహరణ చేర్చితే బాగుంటుంది.

ఆ పేరు వచ్చింది కాబట్టి: న్యాంటాక్యి ఆఫ్రికా ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్ అధ్యక్షుడని రాశారు. కాదు. 2017లో అధ్యక్షుడైంది మడగాస్కర్‌కు చెందిన అహ్మద్. న్యాంటాక్యి ప్రథమ ఉపాధ్యక్షుడు, 2016 నుంచి ఫిఫా కౌన్సిల్ సభ్యుడు కూడా. వీడియోలో పేరును ‘న్యాంటాకీ’ అని పలికారు. అకాన్ భాషలో కె, వై అక్షరాలు కలిస్తే ‘చ’ అని పలుకుతారు, కాబట్టి ‘న్యాంటాచి’ అంటే దగ్గరగా ఉంటుంది. 2006 ప్రపంచకప్‌కు ఘానా అర్హత సాధించడం ఆయన ఘనతగా చెప్పారు. ఘానా కేప్‌వెర్డేపై 4-0తో గెలిచి అర్హత సాధించింది 2005 అక్టోబరు 8న. ఆయన పదవిలోకి వచ్చింది డిసెంబరులో. ఆయన కాలానికి నిజంగా చెందేవి 2009 అండర్-20 ప్రపంచకప్ గెలుపు, 2010 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లడం.

పాఠం ముగింపులో ‘న్యాయవాదులను ఆటల పాలనకు దూరంగా ఉంచాలి’ అన్న సలహా ఉంది. దీనితో గట్టిగా విభేదిస్తున్నాం. ఒక జాతీయ సంఘంలో నియమావళి రాయడం, క్లబ్ లైసెన్సింగ్, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ వివాదాలు, ప్రసార హక్కుల ఒప్పందాలు, క్రమశిక్షణ విచారణలు అన్నీ చట్టం తెలిసినవారి పనులే. పైన చెప్పిన నార్మలైజేషన్ కమిటీలో నా ఒడోఫోలే నోర్టే న్యాయవాది. 2020లో జీఎఫ్ఏ ప్రధాన కార్యదర్శి పదవిలోకి వచ్చిన ప్రాస్పర్ హ్యారిసన్ అడో కూడా న్యాయవాదే. ఒకరి ఉల్లంఘనను వృత్తి మొత్తానికి అంటగట్టడం అన్యాయం. ఈ కోర్సు కొన్న లా విద్యార్థులకు ఈ సలహా ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

చివరి స్లైడులో భారత్ 2022 వ్యవహారాన్ని ‘అచ్చం ఘానాలాగే’ అన్నారు. బయటివారి జోక్యం కూడదన్న నియమం ఒకటే, ఫలితం వేరు. ఘానాకు హెచ్చరిక వచ్చి ఆగింది. మన ఫుట్‌బాల్ సమాఖ్యను ఆగస్టు 15న ఫిఫా నిజంగానే సస్పెండ్ చేసి 26న ఎత్తేసింది. ఆ 11 రోజుల్లో గోకులం కేరళ మహిళల జట్టు తాష్కెంట్ దాకా వెళ్లి కూడా ఆసియా క్లబ్ టోర్నీ ఆడలేకపోయింది. రెండు కేసులనూ పక్కపక్కన రెండు గడుల పట్టికగా పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

మేం కోరుతున్నవి ఇవి. జైలు వాక్యాన్ని వీడియో నుంచి, సబ్‌టైటిళ్ల నుంచి వెంటనే తొలగించాలి. సవరించిన వీడియో వచ్చేదాకా 4, 6, 9 ప్రశ్నలను లెక్క నుంచి తీసేసి, ఇప్పటికే క్విజ్ రాసిన అందరి మార్కులనూ మిగిలిన 7 ప్రశ్నల మీద మళ్లీ లెక్కించాలి. తప్పినవారి నుంచి మళ్లీ పరీక్ష ఫీజు వసూలు చేసి ఉంటే తిరిగి చెల్లించాలి. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నవారి దగ్గర పాత ప్రతే ఉంటుంది కాబట్టి, ఏయే పేజీలు మారాయో చెబుతూ ఈమెయిల్ పంపాలి. పాఠంలో చడీచప్పుడు లేకుండా మార్చి ఊరుకుంటే కుదరదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయిస్తాం. కోర్సు రసీదులు, తప్పులున్న పీడీఎఫ్ పేజీల స్క్రీన్‌షాట్లు, వీడియోలో ఆయా మాటలు వచ్చే నిమిషాల వివరాలు, 3 ప్రశ్నలకు సవరించిన ముసాయిదా దీనితో జతపరుస్తున్నాం. సవరణ ముసాయిదాను మీరు ఉచితంగా వాడుకోవచ్చు.

ఇట్లు,
కోర్సు అభ్యాసకుల తరఫున,
తెలుగు రాష్ట్రాల క్రీడాచట్టాల అధ్యయన బృందం సభ్యులు