పదే పదే వచ్చే నవ్వును బద్ధకం అనవచ్చునా?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం సంచికలో ఓటీటీ హాస్య ధారావాహికలపై వచ్చిన సమీక్షను శ్రద్ధగా చదివాను. ఒకే హాస్య సన్నివేశాన్ని మళ్లీ మళ్లీ వాడుకునే రచయితలు కొత్తగా ఆలోచించలేనివారని, పునరావృతం కనబడిన చోట మార్కులు తగ్గించవలసిందేనని సమీక్షకులు అభిప్రాయపడ్డారు. తిరుపతిలో తెలుగు బోధించే ఉపన్యాసకురాలిగా, హాస్యాన్ని ఎంతో ఇష్టపడే పాఠకురాలిగా ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మనం రన్నింగ్ గ్యాగ్ అని పిలుచుకునే ఈ పద్ధతి హాస్య రచనలో అత్యంత కష్టమైన వాటిలో ఒకటని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారంగా ‘వాట్ వుయ్ డూ ఇన్ ద షాడోస్’ అనే అమెరికన్ ధారావాహికను పరిశీలించవలసిందిగా సమీక్షకులనూ తోటి పాఠకులనూ కోరుతున్నాను.

చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. న్యూజీలాండ్‌కు చెందిన జెమైన్ క్లెమెంట్, టైకా వైటిటీ కలిసి 2014లో ఇదే పేరుతో ఒక సినిమా తీశారు. దాని ఆధారంగా క్లెమెంట్ రూపొందించిన ఈ ధారావాహిక 2019 నుంచి 2024 వరకు ఎఫ్‌ఎక్స్ చానెల్‌లో 6 సీజన్లు, 61 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలాండ్‌లో ఒక పాత భవంతిలో నలుగురు రక్తపిశాచులు కాపురం ఉంటారు. వారిలో నాండోర్ ఒకప్పుడు ఒట్టొమన్ సామ్రాజ్యపు యోధుడు, లాజ్లో ఇంగ్లండ్ ప్రభు వంశీకుడు, అతని భార్య నాజా గ్రీకు ద్వీపం నుంచి వచ్చినది. నాలుగవవాడైన కోలిన్ రాబిన్సన్ గురించి తరువాత ప్రస్తావిస్తాను. వీరందరికీ ఊడిగం చేసే గియెర్మో అనే యువకుడు మాత్రం మామూలు మనిషి. ఒక డాక్యుమెంటరీ బృందం వారి దైనందిన జీవితాన్ని చిత్రీకరిస్తున్నట్టుగా కథనం సాగుతుంది.

ఇందులో అన్నిటికంటే చిన్నదైన గ్యాగ్‌ను ముందుగా చూద్దాం. ఈ పిశాచులు గబ్బిలంగా మారే ప్రతిసారీ ముందుగా ‘బ్యాట్!’ అని గట్టిగా అరుస్తారు. అరవకపోతే రూపం ఎందుకు మారదో ఎవరూ వివరించరు. మొదటిసారి విన్నప్పుడు అది వింతగా తోస్తుంది, నాలుగైదు సార్లకు అలవాటవుతుంది, ఆ తరువాత అరుపు ఎప్పుడు వస్తుందా అని ప్రేక్షకుడే కాచుకొని కూర్చుంటాడు. ముఖ్యంగా లాజ్లో పాత్రధారి మాట్ బెర్రీ ఆ ఒక్క మాటను కోపంలో ఒక రకంగా, సిగ్గుపడి పారిపోయేటప్పుడు ఒక రకంగా, డాంబికం ప్రదర్శించేటప్పుడు మరొక రకంగా పలుకుతాడు. మాట మారకపోయినా సందర్భం మారుతుంది, దానితో పాటే మనం నవ్వే కారణమూ మారుతుంది. కావ్య లక్షణాలు చెప్పిన మన ఆలంకారికులు పునరుక్తిని, అంటే చెప్పినదాన్నే మళ్లీ చెప్పడాన్ని, దోషాల్లో చేర్చినప్పటికీ, సందర్భాన్ని బట్టి అది దోషం కాకపోవచ్చునని కూడా వారే అంగీకరించారు. ఈ చిన్న అరుపును విన్నప్పుడల్లా నాకు ఆ మినహాయింపే గుర్తుకు వస్తుంది.

ఇక కోలిన్ రాబిన్సన్. ఇతడు రక్తం తాగడు. ఎదుటివారిని విసిగించి వారి శక్తిని పీల్చుకొని బతుకుతాడు. పగటిపూట ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, పక్క కుర్చీలోని మనిషికి అక్కరలేని గణాంకాలను, అంతులేని వివరాలను నీరసమైన గొంతుతో వినిపిస్తాడు, వినేవాడు సోలిపోతుంటే ఇతని కళ్లు మెరుస్తాయి. ఇంట్లోవారు ఎప్పుడు పిలిచినా ఇంటిపేరుతో సహా ‘కోలిన్ రాబిన్సన్’ అనే పిలుస్తారు తప్ప ఒట్టి పేరుతో పిలవరు, అదీ ఒక గ్యాగే. మాటలతో ప్రాణం తోడే మనిషి తెలుగువారికి కొత్త కాదు. జంధ్యాల దర్శకత్వంలో 1982లో వచ్చిన నాలుగు స్తంభాలాట తరువాత వీరభద్రరావు, వేలు గార్ల పేర్ల ముందు ‘సుత్తి’ శాశ్వతంగా చేరిపోయిందంటే, ఆ హాస్యం మన ఇళ్లలో ఎంతగా ఇంకిపోయిందో అర్థమవుతుంది. అందుచేత కోలిన్ పాత్రను చూసి తెలుగు ప్రేక్షకులు మరింత ఆత్మీయంగా నవ్వగలరని నాకు అనిపిస్తుంది.

అయితే ఈ రచయితలు ఆ నవ్వు దగ్గరే ఆగిపోలేదు. మూడవ సీజన్‌లో, మునుపు కోలిన్‌ను చూస్తేనే తప్పుకొని పోయే లాజ్లో అకస్మాత్తుగా అతనితో స్నేహం మొదలుపెట్టి, అతని విసుగుపుట్టించే మాటలన్నిటినీ ఓపికగా వింటూ, అతను ఎక్కడికి వెళ్లినా వెంట తిరుగుతాడు. ఎందుకో మనకు అర్థం కాదు. శక్తిని పీల్చే పిశాచులు నూరేళ్లు నిండగానే మరణిస్తారని గ్రంథాలయంలో చదివి తెలుసుకున్న లాజ్లో, ఆ సంగతి మిత్రుడికి చెప్పకుండా చివరి రోజుల్లో అతనికి తోడుగా ఉన్నాడని తరువాత బయటపడుతుంది. నూరవ పుట్టినరోజున కోలిన్ మరణిస్తాడు, అతని శవం నుంచి ఒక పసివాడు పుట్టుకొస్తాడు. నాలుగవ సీజన్ అంతా లాజ్లో ఆ బిడ్డను కన్నతండ్రిలా పెంచుతాడు. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై పాత కోలిన్ రాబిన్సన్‌గా మారిపోయి, తనను పెంచిన రోజులను పూర్తిగా మరచిపోయి, ఎప్పటిలాగే నీరసమైన కబుర్లు మొదలుపెట్టినప్పుడు లాజ్లో ముఖంలో కనబడే శూన్యం నన్ను చాలాసేపు కదిలించింది. ముప్పై ఎపిసోడ్లకు పైగా మనల్ని నవ్వించిన ఆ విసుగే ఆ క్షణంలో దుఃఖానికి కారణమవుతుంది. మొదటి మూడు సీజన్లలో ఆ గ్యాగ్‌ను అన్నిసార్లు చూపించి ఉండకపోతే ఈ సన్నివేశం పండేదే కాదు. దీనిని బద్ధకం అనడం అన్యాయం.

మారువేషపు గ్యాగ్ గురించి తిరుపతివారు తప్పక వినాలి. 2020లో ప్రసారమైన రెండవ సీజన్‌లో, ఎప్పుడో ఎగవేసిన అద్దె బాకీ కోసం జిమ్ అనే పాత పిశాచి వెతుక్కుంటూ రాగానే లాజ్లో ఊరు విడిచి పెన్సిల్వేనియాకు పారిపోతాడు. అక్కడ జీన్స్ ప్యాంటు తొడుక్కొని, నోట్లో ఒక పుల్ల పెట్టుకొని, జాకీ డేటోనా అనే పేరుతో బారు నడుపుతూ, స్థానిక బాలికల వాలీబాల్ జట్టుకు పెద్ద దిక్కుగా మారతాడు. జిమ్ బారుకు వచ్చి ఎదురుగా నిలబడినా, నోట్లో పుల్ల ఉన్నంతసేపూ లాజ్లోను గుర్తుపట్టలేకపోతాడు. మారువేషం అంత పలచగా ఉండటంలోనే ఆ హాస్యం ఉంది.

వేషం వెనుక ఉన్నది ఎవరో అందరికీ తెలిసి, ఎదుటివాడికి మాత్రమే తెలియకపోవడంలో ప్రేక్షకుడికి కలిగే ఆనందం మన ఊరికి తరతరాలుగా తెలుసు. తాతయ్యగుంట గంగమ్మ జాతర కథలో, స్త్రీలను వేధించే పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నప్పుడు, ఆమె అతన్ని బైరాగి, బండ, తోటి వేషాల్లో వెతుకుతుంది. చివరకు దొర వేషంలో వచ్చిందని తెలియక అతడు బయటకు రాగానే సంహరిస్తుంది. ఏటా మే నెలలో కైకాల వంశస్థులు ఆ వేషాలు కట్టి ఊరు తిరుగుతుంటే, భక్తులు కూడా నామం సుద్ద, కుంకుమ, బొగ్గు పూసుకొని మొక్కులు చెల్లిస్తారు. ఏ రోజు ఏ వేషమో, ముగింపు ఏమిటో పసిపిల్లలకు సైతం తెలుసు, అయినా ప్రతి సంవత్సరం వీధులు కిక్కిరిసిపోతాయి. భక్తితో నిండిన ఆ జాతరను ఒక వినోద కార్యక్రమంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. తెలిసినదాన్నే మళ్లీ చూడాలన్న కోరిక మనిషిలో ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. చిత్తూరు జిల్లాలో ద్రౌపదీదేవి గుడుల వద్ద జరిగే భారత ఉత్సవాలకూ దుర్యోధనుడి గతి తెలియనివారు రారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తెరమీదికి రాగానే వాళ్లు ఏం చేస్తారో ముందే తెలిసిన జనం, వాళ్లు ఆ పని చేసేలోగానే నవ్వడం మొదలుపెట్టేవారు. రన్నింగ్ గ్యాగ్ మనకు పరాయి సరుకు కాదని చెప్పడానికి ఇది చాలు.

ఈ ధారావాహికలో అత్యంత దీర్ఘమైన గ్యాగ్ గియెర్మోది. తనను కూడా పిశాచిగా మారుస్తాడన్న ఆశతో అతను పదేళ్లుగా నాండోర్ దగ్గర పడిగాపులు పడుతుంటాడు. పదేళ్లు నిండిన సందర్భంగా యజమాని వరం ఇస్తాడని ఎదురుచూస్తే, మెరుపుల పొడి అద్దిన చిత్రపటం ఒకటి చేతిలో పెడతాడు. నవ్వొస్తుంది, వెంటనే మనసు చివుక్కుమంటుంది. ఇదే అవమానం వేర్వేరు రూపాల్లో ఏళ్ల తరబడి సాగుతుంది. లాజ్లో అయితే అతని పేరును కూడా సరిగ్గా పలకకుండా ‘గిజ్మో’ అంటాడు. మొదటి సీజన్ చివర అతను పిశాచులను వేటాడిన వాన్ హెల్సింగ్ వంశస్థుడని తేలడంతో పరిస్థితి తలకిందులవుతుంది. ఎవరి చేతిలో మారాలని కలలు కంటున్నాడో, వారినే కాపాడటానికి ఇతర పిశాచులను వరసగా చంపవలసి వస్తుంది. చివరకు ఐదవ సీజన్‌లో వేరొక పిశాచి ద్వారా కోరిక తీర్చుకున్నా, మనుషుల ప్రాణం తీయలేక మళ్లీ మనిషిగానే మారతాడు. ‘నన్ను ఎప్పుడు మారుస్తారు?’ అన్న ఒకే ప్రశ్నను ఐదు సీజన్లు సాగదీసి, కోరుకున్నది దక్కిన తరువాత అది తనకు తగదని ఆ పాత్ర చేతనే గ్రహింపజేయడం సామాన్యమైన రచన కాదు.

అన్ని గ్యాగులూ ఇంత బాగా కుదిరాయని నేను అనను. పక్కింటి షాన్‌ను సమ్మోహనపరిచి అతను చూసినదంతా మరిపించే సన్నివేశాలు తొలుత బాగున్నా, తరువాత కథను తేలికగా దాటించే ఉపాయంగా మిగిలిపోయాయి. లైంగిక హాస్యం, బూతులు మోతాదు మించి ఉంటాయి కనుక పిల్లలతో కలిసి చూడదగినది కాదు. ఈ విషయాన్ని మీ సమీక్షలు స్పష్టంగా హెచ్చరించడం అవసరం.

మన టెలివిజన్ స్కిట్లలో కూడా పునరావృతానికి కొదవ లేదు. ఒకరి శరీరపు రంగు, మరొకరి లావు, చీర కట్టిన మగవాడి నడక, భార్య వండిన కూర వారం వారం అదే విధంగా తిరిగి వస్తాయి. సమీక్షకులకు పునరావృతం మీద విసుగు పుట్టడానికి బహుశా ఇదే కారణమై ఉంటుంది, ఆ విసుగుతో నాకు సానుభూతి ఉంది. కానీ అక్కడి లోపం తిరిగి రావడంలో లేదు. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ జోకు ఉన్నచోటనే ఉంటుంది. దెబ్బ తినేవారు ప్రతిసారీ ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్నవారే అవుతారు. పాత్రకు ఒక కోరిక గానీ, ఒక పట్టుదల గానీ ఉండదు, కాబట్టి జోకుకు ఎదగడానికి చోటు దొరకదు. లాజ్లో తన డాంబికం వల్ల నవ్వులపాలవుతాడు. మంత్రగత్తె చర్మంతో చేసిన అపశకునపు టోపీని ఎందరు వద్దన్నా పెట్టుకొని మరీ ఇక్కట్లు తెచ్చుకుంటాడు. అక్కడ మనం నవ్వేది అతని మొండితనాన్ని చూసి మాత్రమే.

కాబట్టి మీ సమీక్షకులకు నా విన్నపం ఒకటే. హాస్య ధారావాహికను మొదటి రెండు ఎపిసోడ్లు చూసి అంచనా కట్టవద్దు. ఒక గ్యాగ్ తొలిసారి ఎక్కడ వచ్చింది, చివరిసారి ఎక్కడ వచ్చింది, ఆ రెంటి నడుమ పాత్రలో ఏం మారింది, ఆ నవ్వు ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలకు సమాధానం రాయండి. తెలుగు స్కిట్లను సమీక్షించేటప్పుడూ ఇవే ప్రశ్నలు వేస్తే, ఆ స్కిట్లు రాసే యువ రచయితలు కూడా మీ పత్రికను చదువుతారు గనుక వారికి అది పనికి వస్తుంది. రాయలసీమ యాసలో, మన పల్లెల దయ్యాల నమ్మకాలను ఆధారం చేసుకొని ఇటువంటి ధారావాహిక ఒకటి రావాలని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను. ఆ ప్రయత్నం ఎవరైనా చేసిన రోజున, పదవ ఎపిసోడ్ దాకా చూసిన తరువాతే మీ పత్రికలో దానికి మార్కులు వేయమని ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
తెలుగు ఉపన్యాసకురాలు,
తిరుపతి.