దూరాన్ని ఎవరి ఖాతాలో రాశావు?

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పక్కన కాగితం పెట్టుకుని నీ లెక్కలన్నీ మళ్లీ వేశాను. నువ్వు కొనాలని చూసిన ఇళ్లు రెండు. ఒకటి సిటీలో మూడో అంతస్తు, రెండు గదుల ఫ్లాట్, నీ ఆఫీసుకి ఇరవై నిమిషాలు. రెండోది రైల్లో గంటంబావు దూరంలో ఉన్న టౌన్. అదే డబ్బుకి నాలుగు గదులు, ఇంటి ముందు కాస్త నేల, మేడ ఎక్కితే ఆకాశం. "ఇందులో ఇంకా ఆలోచించడానికి ఏముందిరా?" అని రాశావు. ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నీ లెక్కలో తప్పు లేదు. చదరపు అడుగు ఎంత, వడ్డీ ఎంత, నెలకి ఈఎంఐ ఎంత, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటే లేదు. ఆ దూరాన్ని మీ ఇంట్లో ఎవరు మోస్తారన్నది. "ప్రయాణం నాదే కదా, నేను ఓర్చుకుంటాను" అని రాశావు. ఎనిమిదేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే మాట అన్నాను.

మేం అలాంటి టౌన్‌లోనే ఇల్లు కొన్న కొత్తలో ఎంత సంతోషంగా ఉన్నామో నువ్వు చూశావు. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వే అన్నావు, ఇక్కడ మాట్లాడితే మన గొంతు మనకి వినిపిస్తోందని. పిల్లాడికి పరిగెత్తడానికి చోటు ఉండేది. మొదటి ఏడాది రైలు ప్రయాణం కూడా నాకు ఇష్టంగానే ఉండేది. సీటు దొరికితే చదువుకునేవాణ్ణి, దొరక్కపోతే కిటికీలోంచి చూస్తూ నిలబడేవాణ్ణి.

తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. నేను బయల్దేరేటప్పుడు పిల్లాడు నిద్రలో ఉండేవాడు, తిరిగొచ్చేసరికీ నిద్రలోనే. వాడికి జ్వరమని స్కూలు నుంచి ఫోన్ వస్తే ఎవరు వెళ్లాలి? మా ఆవిడ ఆఫీసు సిటీకి అవతలి కొసన. ఇద్దరం చెరో రెండు గంటల దూరంలో ఉండేవాళ్లం. ఏడాదిన్నర ఎలాగో లాక్కొచ్చి, చివరికి తను ఉద్యోగం మానేసింది. మానెయ్యమని తనకి ఎవరూ చెప్పలేదు. ఇల్లు ఉన్న చోటే మానిపించింది. కొనేముందు వేసుకున్న కాగితంలో తన జీతం ఒక వరుసలో ఉంది. అది కొట్టేసి మళ్లీ కూడి చూస్తే, మేం వద్దనుకున్న సిటీ ఫ్లాట్ కంటే ఆ పెద్ద ఇల్లే మాకు ఖరీదు పడింది. డబ్బు సంగతి పక్కన పెట్టు. అది తను పదకొండేళ్లు ఇష్టపడి చేసిన పని. ఆ విషయంలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు నీ సంగతి. చెల్లెమ్మ ఉద్యోగం గురించి నీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదురా. నాన్నగారిని ప్రతి నెలా చెకప్‌కి తీసుకెళ్లాలి కదా, ఆ ఆసుపత్రి సిటీలోనే కదా, దాని గురించీ లేదు. పాప ఇంకో ఏడాదిలో ఆరో తరగతికి వస్తుంది. ఆ నాలుగు గదుల ఇంట్లో నువ్వు లేని పన్నెండు గంటలు వాళ్లు ముగ్గురూ ఎలా గడుపుతారో ముందు ఒక కాగితం మీద రాయి. ఈఎంఐ లెక్క తర్వాత చూద్దువుగాని.

నీ గంటల లెక్క కూడా వేశాను. ఒక వైపుకి 55 నిమిషాలు ఎక్కువ, అంటే రోజుకి 110 నిమిషాలు. ఏడాదికి 240 పనిరోజులు అనుకుంటే 440 గంటలు. నీ లోన్ ఇరవై ఏళ్లు కాబట్టి మొత్తం 8,800 గంటలు. దాన్ని 24తో భాగించి చూడు, 366 రోజులు పైనే వస్తుంది. రాత్రీ పగలూ కలిపి నిండా ఒక సంవత్సరం. స్టేషన్ దాకా వెళ్లడం, రైలు కోసం నిలబడటం ఇందులో కలపలేదు.

చెజారె మార్కెట్టి అని ఇటలీ శాస్త్రవేత్త ఒకాయన ఉండేవాడు. మనుషులు రోజుకి సగటున ఒక గంట వరకే ప్రయాణానికి ఇస్తారని 1994లో రాశాడు. కాలినడకన తిరిగే రోజుల్లో ఊళ్లు ఆ గంటకి సరిపడేంతే ఉండేవట. రైళ్లు, కార్లు వచ్చాక మనం ఆ గంటని మిగుల్చుకోలేదు, ఇంకా దూరంగా వెళ్లి ఇళ్లు కట్టుకున్నాం. నువ్వు రోజుకి రెండున్నర గంటలు ఇస్తానంటున్నావు.

'కమ్యూటర్' అన్న మాట ఎలా వచ్చిందో చదివినప్పటి నుంచి నీకు చెప్పాలనుకుంటున్నాను. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా రైల్వే కంపెనీలు రోజూ తిరిగేవాళ్లకి చార్జీ తగ్గించి 'కమ్యుటేషన్ టికెట్' అమ్మేవి. ఆ టికెట్ కొన్నవాడు కమ్యూటర్. అంటే ఆ పేరు ప్రయాణం నుంచి కాదు, తగ్గించిన చార్జీ నుంచి వచ్చింది. పాస్ జేబులో పెట్టుకుని తిరిగిన రోజుల్లో నాకూ ప్రయాణం చవకే అనిపించేది.

పెద్ద ఇల్లు ఆ అలసటని మరిపిస్తుందని అన్నావు. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే అనే స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వేలు పట్టుకుని ఇదే పరిశీలించారు. ఎక్కువ దూరం తిరిగేవాళ్లకి జీతం రూపంలోనో ఇంటి రూపంలోనో ఆ కష్టం తీరిపోవాలి కదా? తీరడం లేదని, ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతోందని తేల్చారు. నాకు జరిగిందీ అదే. నాలుగో గది మూడు నెలల్లో అలవాటైపోయింది, ఉందన్న సంగతే మర్చిపోయాను. రైలు ఆలస్యం మాత్రం నాలుగేళ్లయినా అలవాటు కాలేదు. ప్రతి సాయంత్రం కొత్త టెన్షనే.

ఆఫీసు వాళ్లు వారానికి మూడు రోజులే రమ్మంటున్నారని రాశావు, నిజమే. 2020లో కరోనా వచ్చాక చాలామంది ఆ ధైర్యంతోనే దూరంగా వెళ్లారు. తర్వాత ఎన్నో కంపెనీలు మళ్లీ రమ్మని పిలిచాయి. ఆఫీసు తన మాట ఒక్క ఈమెయిల్‌తో మార్చుకోగలదు. ఇల్లు అమ్మి ఇంకోటి కొనాలంటే రిజిస్ట్రేషన్ ఖర్చు, బ్రోకర్ కమీషన్, నెలల తరబడి ఎదురుచూపు. అయిదు రోజులూ వెళ్లాల్సి వచ్చినా బతకగలిగే దూరమైతేనే కొను.

నేను టౌన్లని తిట్టడం లేదు. మా అక్కావాళ్లు అలాంటి చోటే పదిహేనేళ్లుగా హాయిగా ఉన్నారు. బావ పనిచేసే స్కూలు ఆ టౌన్‌లోనే ఉంది, పిల్లలు నడిచి వెళ్తారు, వీధిలో అందరూ అందరికీ తెలుసు. 1898లో ఎబినీజర్ హోవర్డ్ అనే ఇంగ్లండ్ ఆయన తోట నగరాల గురించి కలగన్నప్పుడు పచ్చదనంతో పాటు ఫ్యాక్టరీలూ పనులూ కూడా అక్కడే ఉండాలన్నాడు. అక్క వాళ్ల ఊరు చూస్తే ఆయన మాట అర్థమవుతుంది. నువ్వు చూసిన టౌన్‌లో పగలు పదకొండింటికి వీధుల్లో ఎవరైనా కనిపించారా? ఆదివారం వెళ్లి చూశానన్నావు, అందుకే అడుగుతున్నాను.

సిటీ ఫ్లాట్‌లోనూ కష్టాలున్నాయి. టౌన్ వదిలి సిటీకి వచ్చాక ఇప్పుడు మేముంటున్న ఇంట్లో పడకగది కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. రాత్రి హారన్లు. ఎవరైనా వస్తే పరుపు హాల్లో వేయాలి. పిల్లాడు ఆ పాత ఇంటి ముందు నేలని ఇప్పటికీ తలుచుకుంటాడు, నేనూ తలుచుకుంటాను. కానీ సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటున్నాను. మా ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరింది, పాత హోదా కంటే ఒక మెట్టు కిందే అయినా.

నన్నడిగితే ఆ రెండిళ్లలో ఏదీ కొనకు. అదే రైలు దారిలో సిటీ వైపు నాలుగైదు స్టేషన్లు ముందు చూడు. పాత బిల్డింగ్ అయినా ఫర్వాలేదు, మూడు గదులు చాలు, స్టేషన్‌కి పది నిమిషాల నడక ఉండాలి. నడిచే దూరం కాకపోతే రెండో బండి కొనాల్సి వస్తుంది, మాకు అలాగే అయింది. మ్యాప్ మీద నీ ఆఫీసు, చెల్లెమ్మ ఆఫీసు, పాప స్కూలు, నాన్నగారి ఆసుపత్రి నాలుగూ గుర్తుపెట్టు. ఇంట్లో ఎవరి మీద ఎక్కువ పనులున్నాయో వాళ్లకి దగ్గరగా ఉన్న చోటు నుంచి వెతకడం మొదలుపెట్టు. అది నువ్వు కాదని నాకు తెలుసు.

అయినా టౌన్ మీదే మనసుంటే, అడ్వాన్స్ ఇవ్వకుండా ముందు అక్కడ ఆరు నెలలు అద్దెకి ఉండు. రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికో కనుక్కో. అది తప్పిపోతే ఇంటికి ఎలా చేరతావో చెల్లెమ్మకి చెప్పి చూడు.

వచ్చే సోమవారం నేను సెలవు పెడుతున్నాను. ముందు రోజు రాత్రికే ఆ టౌన్‌కి వెళ్లి ఏదైనా లాడ్జిలో పడుకుందాం. పొద్దున నీకు కావాల్సిన రైలే ఎక్కుదాం, సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి అదే రైల్లో తిరిగి వెళ్దాం. చెల్లెమ్మని కూడా రమ్మను, తన ఆఫీసుకి అక్కడి నుంచి ఎంతసేపు పడుతుందో ఆ రోజే తేలిపోతుంది. వీలవుతుందో లేదో శుక్రవారం లోపు ఫోన్ చెయ్యి.

నాన్నగారికి నా నమస్కారాలు. పాపకి ముద్దులు.

నీ
నేను