ఆ గుంట తవ్వించింది నేనే

సంపాదకులకు నమస్కారం.

గర్భిణులు ఏం తినకూడదో మహిళల పేజీల్లో తరచూ వేస్తుంటారు. కడుపు ఎందుకు పోతుందో కూడా ఒకసారి వివరంగా వేయండి. నాలాంటి అత్తలకు అది అవసరం.

పోయిన శ్రావణంలో మా కోడలికి తొమ్మిదో వారంలో అబార్షన్ అయింది. ఏం తిన్నావు, ఎక్కడెక్కడ తిరిగావు అని ముందు ఆరా తీసింది నేనే. స్కూటీ మీద స్కూలుకు వెళ్లొద్దంటే విన్నావా అని కూడా అనేశాను. అమ్మాయి మాట్లాడలేదు. వారం తర్వాత చెకప్‌లో డాక్టరమ్మను ఒక్కటే అడిగింది: "రైల్వే గేటు దగ్గర గుంటలో బండి ఎగిరింది మేడం, దానివల్లేనా?" వారం రోజులుగా మనసులో ఆ గుంటే తవ్వుకుంటోంది. తవ్వించింది నేను.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. తెలిసిన గర్భాల్లోనే నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయట, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. వాటిలో సుమారు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం. నేను బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది: కత్తిరింపులోనే కొలత తప్పితే కుట్టు ఎంత జాగ్రత్తగా వేసినా జాకెట్టు కుదరదు. బండి గుంటలో పడేసరికే ఆ కత్తిరింపు అయిపోయింది.

తల్లి వయసు 35 దాటాక రిస్కు పెరుగుతుంది, 40 దాటితే మరీ ఎక్కువ. అదుపులో లేని షుగరు, థైరాయిడ్, సిగరెట్లు, మందు కూడా కారణం కావచ్చు. వరుసగా పోతుంటే భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు చేయాలన్నారు. ‘ఇద్దరికీ’ అనగానే మావాడు ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంకో మాట. మూడో రోజే స్కూలు నుంచి ఎప్పుడొస్తావని ఫోన్. గర్భం పోయినా ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్ల పదో రోజుకే బోర్డు ముందు నిలబడింది.

మొన్న పక్కింటావిడ, "బరువేమైనా ఎత్తిందా?" అని గుచ్చి అడిగింది. లేదని చెప్పబోయి ఆగాను. నీళ్ల బిందె ఎత్తినంత మాత్రాన పోదు వదినా, అన్నాను.

- ఒక టైలరు, తెనాలి